పాత పత్రికల ముఖచిత్రాలు: కొనడం, దాచడం, గోడకెక్కించడం

పాత పత్రికల బొమ్మల అట్టలు సేకరించాలన్న సరదా మొదలైన కొత్తలో మనసంతా కొనడం మీదే ఉంటుంది. ఎక్కడ దొరుకుతాయి, ఎంతకిస్తారు, ఇంకెన్ని మిగిలాయి అని ఒకటే వెతుకులాట. కొన్నదాన్ని ఎందులో పెట్టాలి, గోడ మీద ఎన్నాళ్ళు ఉంచొచ్చు అన్న ఆలోచన చాలా ఆలస్యంగా వస్తుంది. అప్పటికి ఎరుపంతా వెలిసిపోయి నీలం మాత్రమే మిగిలిన బొమ్మ ఒకటి హాల్లో వేలాడుతూ ఉంటుంది. కొనడం, దాచడం, ప్రదర్శించడం ఈ మూడూ ఒకే పని అనుకుని మొదలుపెట్టండి. గోడ మీద కొన్ని, చీకట్లో మిగతావి, ఏడాదిలో కొన్నిసార్లు మార్పిడి. ఈ ఏర్పాటు ముందే మనసులో ఉంటే ఎన్ని కొనాలి, ఎలాంటివి కొనాలి అన్నది చాలావరకు దానంతట అదే తేలిపోతుంది.

1. ముందు హద్దు గీసుకోండి

సుమారుగా 1890ల నుంచి 1950ల దాకా పత్రికల అట్టల మీద బొమ్మదే రాజ్యం. రంగుల ముద్రణ అప్పటికి చవకైంది కానీ రంగుల ఫొటో అచ్చువేయడం ఇంకా కష్టంగానే ఉండేది. పక్కపక్కనే వేలాడే పత్రికల్లో కొనేవాడి చెయ్యి తమ దాని మీదే పడాలని ప్రతి సంపాదకుడూ మంచి చిత్రకారుణ్ణి వెతుక్కునేవాడు. 1896లో మ్యూనిక్‌లో మొదలైన ‘యూగెంట్’ పత్రిక పేరు మీద ఒక కళాశైలికే యూగెంట్‌స్టిల్ అని పేరొచ్చింది. అమెరికాలో ‘శాటర్డే ఈవెనింగ్ పోస్ట్’కి జె.సి. లయెన్‌డెకర్ 1899 నుంచి 1943 వరకు, నార్మన్ రాక్‌వెల్ 1916 నుంచి 1963 వరకు, ఒక్కొక్కరు 300కి పైగా ముఖచిత్రాలు వేశారు. ‘హార్పర్స్ బజార్’కి 1915 నుంచి రెండు దశాబ్దాల పాటు ఎర్టే బొమ్మలు గీశాడు. ‘న్యూయార్కర్’ మొదటి సంచిక 1925 ఫిబ్రవరి 21న రియా ఇర్విన్ బొమ్మతో వచ్చింది. ఆ పత్రిక ఇప్పటికీ గీసిన అట్టనే వాడుతోంది. మన వాళ్ళ సంగతి చెప్పాలంటే 1947 జులైలో మొదలైన ‘చందమామ’కి వడ్డాది పాపయ్య వేసిన అట్టల్ని, మూలన ఉండే ‘వ.పా.’ సంతకంతో సహా గుర్తుపట్టేవాళ్ళు ఈనాటికీ ఉన్నారు. 1932 జులైలో ‘వోగ్’ అట్ట మీద ఎడ్వర్డ్ స్టైకెన్ తీసిన రంగుల ఫొటో వచ్చింది. ఆ తర్వాత బొమ్మ ఒక్కో మెట్టే దిగుతూ వచ్చింది.

ఇంత పెద్ద సముద్రంలో ‘నచ్చినవన్నీ’ అంటూ దిగితే రెండేళ్ళలో అలమరా నిండుతుంది, సేకరణ మాత్రం తయారవదు. ఒక చిత్రకారుడు, ఒక పత్రికలో ఒక దశాబ్దం, ఒకే నెల సంచికలు, లేదా ఒకే వస్తువు అనుకోండి. గొడుగులు, రైళ్ళు, చదువుకుంటున్న ఆడవాళ్ళు, ఏదైనా సరే. నా ఓటు వస్తువుకే. వారపత్రిక అంటే ఏడాదికి 52 సంచికలు, పదేళ్ళకు 520. మొత్తం సెట్టు పూర్తిచేయాలని పెట్టుకుంటే చివరి నాలుగైదు సంచికల కోసం పడే టెన్షన్‌లో బొమ్మలు చూసే ఆనందం పోతుంది. వస్తువు పట్టుకుని వెళ్తే రకరకాల పత్రికలు, రకరకాల చేతులు ఒకే గోడ మీద మాట్లాడుకుంటాయి. పైగా ఎవరికీ పట్టని, పేరు తెలియని చిత్రకారుడి మంచి అట్ట కూడా మీ కంట పడుతుంది.

2. విడి అట్టా, పూర్తి సంచికా?

అట్టలు రెండు రకాలుగా దొరుకుతాయి. సంచికతో పాటు ఉన్నవి, ఎవరో ఇదివరకే విడదీసినవి. గోడకు పెట్టడానికి విడి అట్టే సులువు. పలచగా ఉంటుంది, మామూలు ఫ్రేములో ఒదుగుతుంది. అలాగని బాగున్న సంచికను కొని కత్తెర పట్టకండి. చాలా గ్రంథాలయాలు పత్రికల్ని ఏడాది వారీగా బైండు చేయించేటప్పుడు అట్టల్ని, ప్రకటనల పేజీల్ని తీసేసేవి. రెండో ప్రపంచ యుద్ధకాలంలో పాత కాగితాల సేకరణ ఉద్యమాల్లో కుప్పలకొద్దీ పత్రికలు గుజ్జైపోయాయి. అన్నీ దాటి అట్టతో సహా నిలిచిన సంచికలు మనం అనుకున్నదానికంటే తక్కువ. పైగా అట్ట వేసిందెవరో, ఆ బొమ్మ ఏ సందర్భానిదో చెప్పే చిన్న అక్షరాల మాట తరచూ లోపలి పేజీలోనే ఉంటుంది. అట్ట చించితే ఆ ఆధారం కూడా పోతుంది.

అమ్మేవాళ్ళు ఎందుకు చించుతారంటే, అట్టనీ ప్రకటనల్నీ విడివిడిగా అమ్మితే మొత్తం సంచిక కంటే ఎక్కువ గిట్టుబాటవుతుంది కాబట్టి. వాళ్ళతో వాదించి లాభం లేదు. ఇప్పటికే విడిపోయినవి, లేదా లోపలి పేజీలు చెదలు తినేసి అట్ట మాత్రం బాగున్నవి నిశ్చింతగా కొనుక్కోండి. పూర్తి సంచిక దొరికితే పూర్తిగానే ఉంచండి. దాన్ని ప్రదర్శించే పద్ధతి కింద చెబుతాను.

3. కొనే ముందు చూడాల్సినవి

ముందు వాసన చూడండి. పాత కాగితానికి ఉండే కొంచెం తీపి, కొంచెం ఘాటు వాసన ఫరవాలేదు. ముక్కిపోయిన, తడి గోడ లాంటి వాసన వస్తే ఎక్కడో బూజు ఉన్నట్టే. ఆ సంచిక ఎంత చవకైనా అక్కడే వదిలేయడం మంచిది, ఎందుకంటే అది మీ దగ్గరున్న మిగతావాటికీ అంటిస్తుంది.

తర్వాత చిన్న టార్చి తీసి, కాంతి కాగితానికి దాదాపు సమాంతరంగా పడేలా పక్కనుంచి వెయ్యండి. ఎదురుగా చూస్తే నున్నగా కనబడిన అట్ట మీద మడతలు, పెన్ను నొక్కులు, గీతలు, ఎవరో రంగు పూసి కప్పిపుచ్చిన చోట్లు అన్నీ తేలతాయి. పూసిన రంగు చుట్టుపక్కల ముద్రణతో కలవకుండా మసకగానో, మరీ మెరుస్తూనో ఉంటుంది. ముదురు రంగు అట్టల్లో వెన్ను పొడవునా, మూలల్లోనా ఈ పని ఎక్కువగా జరుగుతుంది.

ఆపైన కొలత. ‘శాటర్డే ఈవెనింగ్ పోస్ట్’ లాంటి పెద్ద పత్రికలు తమ మంచికాలంలో సుమారు 28 × 35 సెంటీమీటర్లు ఉండేవి. అదే పత్రిక, అదే ఏడాదిలోని మరో సంచిక పక్కన పెట్టి చూసినప్పుడు ఇది నాలుగైదు మిల్లీమీటర్లు పొట్టిగా ఉంటే, చిరిగిన అంచుల్ని ఎవరో కత్తిరించి నీటు చేశారన్నమాట. బొమ్మ బాగానే ఉంటుంది, ధర మాత్రం అలా ఉండకూడదు.

వెన్ను దగ్గర పిన్నులు చూడండి. తుప్పు పట్టిన పిన్ను చుట్టూ గోధుమరంగు మరక ఉంటే కాగితం అక్కడ పెళుసుబారి ఉంటుంది. అట్ట నీరు తాగితే మరక చివర ముదురు గీత ఒకటి ఒడ్డులా మిగులుతుంది. నున్నటి పూత ఉన్న అట్టలు తడిస్తే పక్క పేజీకి అతుక్కుపోతాయి. లాగితే పూతతో పాటు బొమ్మ కూడా ఊడి వస్తుంది. సెల్లోటేప్ ఉంటే దాని జిగురు ఈపాటికి కాగితంలోకి ఇంకిపోయి ఉంటుంది, టేపు తీసినా పసుపు పట్టీ పోదు.

చందాదారు చిరునామా కాగితం అంటించి ఉన్న అట్టలు చవగ్గా వస్తాయి. చాలామంది వాటిని పక్కన పడేస్తారు. చీటీ బొమ్మలో ముఖ్యమైన చోట లేకపోతే నేనైతే సంతోషంగా కొంటాను. కానీ ఆ చీటీని పీకే ప్రయత్నం మాత్రం చెయ్యకండి.

ఆన్‌లైన్లో కొనేటప్పుడు అమ్మేవాళ్ళు రాసే గ్రేడు మాటల్ని కాస్త తగ్గించి చదువుకోవాలి. పాత కాగితాల వ్యాపారంలో ‘వెరీ గుడ్’ అంటే బాగా వాడిన, చిన్నచిన్న లోపాలున్న సంచిక. ‘గుడ్’ అంటే అన్ని పేజీలూ ఉన్నాయి అన్నంతవరకే. నిజంగా బాగున్నవి ‘ఫైన్’ నుంచి పైకి మొదలవుతాయి. అట్ట వెనకవైపు ఫొటో, పక్కనుంచి కాంతి వేసిన ఫొటో, మిల్లీమీటర్లలో కొలత ఈ మూడూ అడగండి. ఇవ్వనన్నవాళ్ళ దగ్గర కొనకపోతే నష్టమేమీ లేదు.

4. అసలు ముద్రణా, తర్వాత వేసిన కాపీయా?

పేరున్న అట్టల నకళ్ళు లెక్కలేనన్ని తిరుగుతుంటాయి. కొన్ని నకలని చెప్పే అమ్ముతారు, చేతులు మారుతున్నకొద్దీ ఆ మాట జారిపోతుంది. పదిరెట్లు పెద్దగా చూపే చిన్న భూతద్దం ఒకటి జేబులో ఉంటే చాలావరకు తేల్చుకోవచ్చు.

భూతద్దాన్ని మొదట బొమ్మ మీద పెట్టకండి, పత్రిక పేరు మీద పెట్టండి. లెటర్‌ప్రెస్‌లోనో (ఉబ్బెత్తు అచ్చుకు సిరా రాసి నొక్కే పద్ధతి) ఆఫ్‌సెట్‌లోనో (పలక మీది సిరాను రబ్బరు మీదుగా కాగితానికి ఎక్కించే పద్ధతి) అచ్చయిన అసలు సంచికలో నల్లటి అక్షరం సాధారణంగా ఒకే సిరాతో నిండుగా, అంచు కోసినట్టు స్పష్టంగా ఉంటుంది. పాత అట్టను స్కాన్ చేసి మళ్ళీ అచ్చువేసిన నకల్లో అక్షరమే రంగురంగుల చుక్కల గుంపుగా విడిపోయి, అంచు రంపంలా కనబడుతుంది. లెటర్‌ప్రెస్ ముద్రణలో ఇంకో గుర్తుంది. బ్లాకు నొక్కినప్పుడు సిరా పక్కకు తోసుకుని, ప్రతి చుక్క చుట్టూ సన్నటి ముదురు వలయం ఏర్పడుతుంది. ఒకసారి చూస్తే ఆ వలయాన్ని మళ్ళీ మరిచిపోరు. ఇంక్‌జెట్ ప్రింటులో ఒక క్రమం లేని సన్నటి తుంపర్లుంటాయి.

అయితే ఒక్క పరీక్షతో తీర్పు చెప్పకూడదు. గ్రావ్యూర్ పద్ధతిలో (గుంటలు చెక్కిన సిలిండరుతో) అచ్చయిన అసలు పత్రికల్లో కూడా అక్షరాల అంచు కొంచెం రంపంలాగే ఉంటుంది. 19వ శతాబ్దం చివరి లితో (రాతి పలక మీంచి తీసే) ముద్రణల్లో చుక్కలు చేత్తో పెట్టినవి కాబట్టి అవీ క్రమంగా ఉండవు, కానీ ఒక్కో చుక్కా పెద్దగా, నిండు రంగుతో ఉంటుంది. అందుకే ఇంకో రెండు చూడాలి. ఒకటి అట్ట వెనక. అసలు అట్టకు వెనకవైపు ప్రకటనో, విషయసూచికో ఏదో ఒకటి అచ్చై ఉండటం మామూలు, నకలు వెనక తెల్లగా ఉంటుంది. రెండోది యూవీ (అతినీలలోహిత కిరణాల) టార్చి. కాగితాన్ని తెల్లగా మెరిపించే రసాయనాలు సుమారు 1950 నుంచి వాడుకలోకి వచ్చాయి. చీకటి గదిలో టార్చి వేస్తే 1920ల కాగితం మందకొడిగా, పసుపుగా ఉండాలి. నీలితెలుపు రంగులో వెలిగితే అనుమానించండి. వెలగనంత మాత్రాన పాతదని రుజువైపోదు, మెరుపు రసాయనం లేని కాగితం ఇప్పుడూ దొరుకుతుంది.

5. ఇంటికి తెచ్చాక

కొత్తగా వచ్చినదాన్ని నేరుగా సేకరణలో కలపకండి. రెండు మూడు వారాలు వేరే పెట్టెలో ఉంచి, కింద తెల్ల కాగితం పరవండి. పొడి రాలుతోందా, సిల్వర్‌ఫిష్ పురుగులు కనబడుతున్నాయా అన్నది ఆ కాగితమే చెబుతుంది. పురుగు ఉందని తేలితే సంచికను పాలిథీన్ సంచిలో గాలి తీసి మూసి, -20 డిగ్రీల సెల్సియస్ ఉండే డీప్ ఫ్రీజర్లో రెండు వారాలు ఉంచండి. బయటికి తీశాక గది వేడికి వచ్చేదాకా, అంటే ఒక రోజంతా, సంచి విప్పొద్దు. తొందరపడితే చల్లటి కాగితం మీద చెమ్మ పడుతుంది.

పట్టుకునేటప్పుడు చేతులు సబ్బుతో కడిగి బాగా తుడుచుకుంటే చాలు. తెల్ల గ్లౌజులు చూడ్డానికి బాగుంటాయి గానీ, వేళ్ళకు స్పర్శ తెలియక పెళుసు అంచులు విరగ్గొట్టేది అవే. పెద్ద అట్టను ఒక మూల పట్టి ఎత్తకండి, కింద గట్టి బోర్డు ముక్క దూర్చి దానితో పాటు ఎత్తండి.

శుభ్రం చేయడమంటే దుమ్ము దులపడమే, అంతకు మించి వద్దు. మెత్తటి బ్రష్‌తో మధ్యలోంచి అంచుల వైపు తుడవండి. మసి బాగా పట్టి ఉంటే మ్యూజియంల వాళ్ళు వాడే పొడి రబ్బరు స్పాంజితో అద్దాలి. దాన్ని ముందు వెనకవైపు ఒక మూలలో ప్రయత్నించి, స్పాంజికి రంగు అంటకపోతేనే ముందుకు వెళ్ళండి. తడిబట్ట, వెట్ వైప్స్, నెట్లో ఎవరో చెప్పిన చిట్కా ద్రవాలు దగ్గరికి రానివ్వకండి.

తుప్పుపట్టిన పిన్ను తీయాలంటే స్టేపుల్ రిమూవర్ పనికిరాదు, అది కాగితాన్ని లాగుతుంది. సంచిక మధ్య పేజీ తెరిచి, పిన్ను కాళ్ళ కింద పలచటి ప్లాస్టిక్ ముక్క దూర్చి, మొద్దు చాకు కొనతో ఒక్కో కాలూ నిటారుగా లేపండి. తర్వాత వెన్ను వైపు నుంచి నెమ్మదిగా బయటికి తియ్యాలి. తుప్పు పైపైనే ఉండి కాగితం గట్టిగా ఉంటే అసలు కదపకపోవడమే మేలు.

చిరుగులకు జపనీస్ టిష్యూ కాగితం, గోధుమ స్టార్చి జిగురు వాడతారు. వెనకవైపు సన్నటి పట్టీ వేసి, బ్లాటింగ్ కాగితాల మధ్య బరువు కింద ఆరనిస్తారు. ఇది నేర్చుకోదగ్గ పనే, కానీ మొదట ఎందుకూ పనికిరాని పేజీల మీద చెయ్యి తిరగనివ్వండి. పాత టేపు ఊడదీయడం, మరకలు తీయడం, పూత అతుక్కున్న పేజీలు విడదీయడం మాత్రం కాగితాల మరమ్మతు తెలిసిన నిపుణుల పని. ‘పాత కాగితాల రక్షణకు’ అని అమ్మే టేపులైనా సరే, విలువైన అట్ట మీద వేయొద్దనే అంటాను.

6. దాచే పద్ధతి

19వ శతాబ్దం రెండో సగం నుంచి పత్రికల కాగితం చెక్క గుజ్జుతో తయారైంది. అందులో ఉండే లిగ్నిన్ (చెక్క నారల్ని పట్టి ఉంచే పదార్థం) వెలుతురు, గాలి తగిలి పసుపెక్కుతుంది. సిరా పాకకుండా కాగితానికి కలిపిన పటిక ఆమ్లంగా మారి నారల్ని తెంచుతుంది. లోపలి పేజీలు గోధుమరంగులో పొడిపొడి అవుతుంటే, మట్టిపూత ఉన్న నాణ్యమైన అట్ట మాత్రం తెల్లగా నిలిచిన సంచికలు అందుకే కనిపిస్తాయి. ఈ ఆమ్లం తాకిన కాగితానికల్లా పాకుతుంది. విడి అట్టల్ని సంచికల మీద పెట్టకూడదనేది ఈ కారణానికే.

ఒక్కో అట్టకు ఒక పారదర్శక తొడుగు, వెనక ఒక గట్టి బోర్డు. తొడుగు పాలియెస్టర్‌ది అయితే ఉత్తమం, పాలీప్రొపిలీన్, పాలిథీన్ కూడా మంచివే. పీవీసీ వద్దు. కొత్త రెయిన్‌కోటు వాసన వచ్చే, వేలితో తాకితే అంటుకున్నట్టుండే ఫైలు కవర్లు సాధారణంగా అవే. కాలం గడిచేకొద్దీ అవి ఆమ్లం వదులుతాయి, సిరాను లాక్కుంటాయి. బోర్డు మీద ‘యాసిడ్ ఫ్రీ’ అని రాసినంత మాత్రాన నమ్మకండి. కొన్ని చవక రకాలకు పై పూత మాత్రమే ఆమ్లరహితం, లోపల మామూలు గుజ్జే. బోర్డు మొత్తం ఆమ్లరహితమని, కాల్షియం కార్బొనేట్ కలిపినదని ఉంటే తీసుకోండి.

పెట్టెల్లో అడ్డంగా, ఒకదాని మీద ఒకటి, జానెడు ఎత్తుకు మించకుండా పేర్చండి. నిలబెట్టాలంటే పెట్టె నిండుగా ఉండాలి, లేకపోతే అట్టలు ఒంగి అలాగే బిగుసుకుపోతాయి. గది 18 నుంచి 21 డిగ్రీలు, గాలిలో తేమ 35 నుంచి 50 శాతం ఉండాలన్నది పుస్తకాల మాట. అందరిళ్ళలో అది కుదరదు. కుదిరేది ఏమిటంటే హెచ్చుతగ్గులు తగ్గించడం. పైకప్పు కింద అటక, నేలమాళిగ, బయటి గోడకు ఆనించిన అలమరా, బాత్రూం పక్క గోడ ఈ నాలుగూ తప్పిస్తే సగం గెలిచినట్టే. తేమ కొలిచే చిన్న మీటరు పెట్టెల దగ్గర ఉంచండి. అది 65 దాటుతూ ఉంటే బూజుకు దారి తెరిచినట్టు.

7. రాసిపెట్టుకోవడం

కంప్యూటర్లో ఒక పట్టిక చాలు. పత్రిక పేరు, తేదీ, సంపుటి, సంచిక, చిత్రకారుడు, సంతకం ఎక్కడుంది, కొలత, లోపాలు, ఎప్పుడు ఎక్కడ కొన్నారు. ఆఖర్న ఒక గడి తప్పనిసరి: గోడ మీద ఎప్పటి నుంచి ఎప్పటి దాకా ఉంది. కొన్న రోజే రెండువైపులా స్కాన్ చేసి పెట్టుకోండి. అట్ట మీద పెన్నుతో ఏమీ రాయొద్దు. గుర్తు కావాలంటే తొడుగు మీద చీటీ అంటించండి.

8. వెలుతురు సంగతి

గోడ మీద పెట్టిన అట్టకు జరిగే నష్టంలో ఎక్కువ భాగం వెలుతురుదే, అదీ తిరిగి రాని నష్టం. పాత సిరాల్లో ఎరుపు, పసుపు ముందు వెలుస్తాయి. నీలం, నలుపు గట్టిగా నిలుస్తాయి. కిటికీ దగ్గర ఏళ్ళ తరబడి ఉన్న ముఖచిత్రంలో బుగ్గలు పాలిపోయి, గులాబీలు బూడిదరంగుకు తిరిగి, మొత్తం బొమ్మ నీలిరంగు నీళ్ళలో ముంచినట్టు కనబడేది అందుకే.

మ్యూజియంలు ఇలాంటి కాగితం మీద 50 లక్స్ (వెలుతురును కొలిచే ప్రమాణం) వెలుతురు మాత్రమే వేస్తాయి. అంటే మసక దీపం, కళ్ళు అలవాటుపడితే బొమ్మ హాయిగా కనబడుతుంది. రోజుకు 8 గంటల చొప్పున ఏడాదంతా ఆ వెలుతురులో ఉంటే అట్ట మీద పడేది 1,46,000 లక్స్ గంటలు. నేరుగా పడే మిట్టమధ్యాహ్నపు ఎండ సుమారు 1,00,000 లక్స్ ఉంటుంది. అంటే ఏడాది మొత్తం మ్యూజియం వెలుతురు చేసే పనిని ఎండ గంటన్నరలోపే చేసేస్తుంది. రోజూ సాయంత్రం పదినిమిషాలు గోడ మీద వాలే ఎండపొడను చిన్నచూపు చూడకూడదు.

యూవీని ఆపే అద్దాలు, యాక్రిలిక్ పలకలు 97 నుంచి 99 శాతం దాకా ఆ కిరణాల్ని అడ్డుకుంటాయి. కొనండి, పనికొస్తాయి. కానీ రంగుల్ని వెలిసిపోయేలా చేసే దాంట్లో కంటికి కనబడే వెలుతురుకూ పెద్ద వాటా ఉంది. యూవీ గ్లాసు వేశాం కదా అని కిటికీకి ఎదురుగా పెడితే నష్టం నెమ్మదిస్తుంది, ఆగదు. మీ ఫోన్లో లక్స్ కొలిచే యాప్ వేసుకుని, అట్ట పెట్టబోయే చోట పొద్దున, మధ్యాహ్నం, రాత్రి కొలవండి. లెక్క ఉజ్జాయింపుగానే ఉంటుంది, అయినా రెండు గోడల మధ్య తేడా తెలిసిపోతుంది. కిటికీ ఉన్న గోడే చాలాసార్లు మంచి గోడ, ఎందుకంటే వెలుతురు దాని మీద నేరుగా పడదు. దీపాలకు ఎల్ఈడీ వాడండి, ఫ్రేము మీదే గురిపెట్టకండి.

9. ఫ్రేము కట్టడం

కొలతలతో ఒక ఉదాహరణ చెబుతాను. అట్ట 27 × 35 సెంటీమీటర్లు, ఫ్రేము 40 × 50. మౌంటు బోర్డులో (బొమ్మ చుట్టూ చట్రంలా ఉండే మందపాటి కార్డు) కిటికీని 28 × 36 కోయించండి. అప్పుడు అట్ట చుట్టూ అర సెంటీమీటరు ఖాళీ వచ్చి, అరిగిన అంచులు, మూలలు పూర్తిగా కనబడతాయి. పక్కలకు 6 చొప్పున, పైన 6, కింద 8 సెంటీమీటర్ల బోర్డు మిగులుతుంది. కింద ఎక్కువ ఎందుకంటే నాలుగువైపులా సమానంగా ఉంటే కంటికి బొమ్మ కిందికి జారినట్టు అనిపిస్తుంది. అంచులు కప్పేసి నీటుగా చూపించాలని ఫ్రేము షాపుల్లో సలహా ఇస్తారు. అట్ట అంచు వయసును చూపించే చోటు, దాన్ని దాచడం నాకు ఇష్టం ఉండదు.

అట్టను వెనక బోర్డుకు అంటించకూడదు. జిగురు, రెండువైపులా అంటుకునే టేపు, వేడితో అతికించే పద్ధతి ఏదీ వద్దు. ఫ్రేము షాపుకిచ్చేటప్పుడు ఈ మాట నోటితో చెప్పడంతో సరిపెట్టక రాసివ్వండి. చదునుగా కనబడాలని వాళ్ళు అలవాటుగా అతికించేస్తారు. పాలియెస్టర్ మూల పాకెట్లలో నాలుగు మూలలూ దూర్చితే అట్ట నిలుస్తుంది. మూలలు మరీ పెళుసుగా ఉంటే పైఅంచు వెనక రెండు జపనీస్ టిష్యూ పట్టీలతో వేలాడదీయాలి. మూలల పాకెట్లు బిగుతుగా ఉండకూడదు. తేమను బట్టి కాగితం సాగుతుంది, ముడుచుకుంటుంది. దానికి కదిలే చోటు లేకపోతే అలలు తేలతాయి.

అట్టకూ అద్దానికీ మధ్య గాలి ఉండాలి. మౌంటు బోర్డు మందం ఆ పని చేస్తుంది. మౌంటు లేకుండా పెట్టాలనుకుంటే ఫ్రేము అంచుల్లో స్పేసర్లు (అద్దాన్ని ఎడంగా ఉంచే సన్న పట్టీలు) వేయించండి. నున్నటి అట్ట అద్దానికి నేరుగా తాకితే చెమ్మకు అతుక్కుపోతుంది. పెద్ద ఫ్రేములకు యాక్రిలిక్ మేలు, తేలిక, పగలదు. దాని మీద గీతలు త్వరగా పడతాయి కాబట్టి పొడి గుడ్డతో గట్టిగా రుద్దకండి.

పూర్తి సంచిక చూపించాలంటే లోతైన పెట్టె ఫ్రేము తీసుకోవాలి. సంచికను వెనక బోర్డుకు రెండు పాలియెస్టర్ పట్టీలతో వదులుగా కట్టి, కింద చిన్న గట్టు ఏర్పాటు చేస్తే బరువు గట్టు మీద పడుతుంది, పిన్నుల మీద పడదు. గట్టు లేకుండా నిలువుగా వేలాడితే లోపలి పేజీల బరువుకు వెన్ను కొన్ని నెలల్లోనే సాగిపోతుంది. వెనక తెరిచి సంచిక మార్చుకునే వీలున్న ఫ్రేము దొరికితే అదే కొనండి, తర్వాత చెప్పే మార్పిడికి చాలా సుఖం.

బొమ్మ అంటే ప్రాణం, కానీ గదిలో వెలుతురు తగ్గించే వీలు లేదు అనుకునేవాళ్ళు స్కాన్ చేసిన కాపీని గోడకు పెట్టి అసలును దాచుకోవచ్చు. ఇందులో చిన్నతనమేమీ లేదు. అయితే కాగితం మీ సొంతమైనంత మాత్రాన బొమ్మ మీద హక్కులు మీవి కావు. ఇంట్లో పెట్టుకోవడం వేరు, ప్రింట్లు వేసి అమ్మడం వేరు. అమ్మే ముందు ఆ పత్రికకు, చిత్రకారుడికి కాపీరైటు ఇంకా ఉందేమో చెక్ చేసుకోవాలి.

10. గోడ మీద అమరిక

ఫ్రేముల్ని ముందు నేల మీద పరిచి చూడండి. ఒకే పత్రికవి, ఒకే కొలతవి అయితే నిలువు వరసల గడుల్లో బాగుంటాయి. ఫ్రేముల మధ్య 5 నుంచి 8 సెంటీమీటర్లు చాలు. రకరకాల కొలతలైతే గడుల జోలికి వెళ్ళకుండా, అన్నిటి మధ్యభాగాలూ ఒకే ఎత్తులో వచ్చేలా ఒక వరసలో పెట్టండి. నేల నుంచి బొమ్మ మధ్యకు సుమారు 150 సెంటీమీటర్లు ఉంటే నిలబడి చూసేవాళ్ళకు సరిగ్గా సరిపోతుంది. సోఫా ఎదురుగా కూర్చుని చూసే గోడైతే ఇంకో పది, పదిహేను సెంటీమీటర్లు దించండి.

పక్కపక్కన ఏవి పెట్టాలన్నది తేదీ ప్రకారం తేల్చకండి. బొమ్మలోని మనిషి ఎటు చూస్తున్నాడో చూడండి. వరస చివరి బొమ్మ గది బయటికి చూస్తుంటే చూసేవాడి కన్ను కూడా అటే జారిపోతుంది. రెండు చివర్లా లోపలికి చూసే ముఖాలు పెడితే వరస నిలబడుతుంది. ఎర్రటి నేపథ్యం ఉన్న అట్టలు రెండిటిని పక్కపక్కన పెడితే రెండూ తేలిపోతాయి. మధ్యలో తెల్ల నేపథ్యం ఉన్నది ఒకటి వేయండి.

ఒక్కో ఫ్రేముకూ రెండు కొక్కేలు కొట్టండి, వంకర తిరగదు. కింది మూలల వెనక చిన్న రబ్బరు బొత్తాలు అంటిస్తే గోడకూ ఫ్రేముకూ మధ్య గాలి ఆడి చెమ్మ చేరదు.

11. మార్పిడి

ఒక అట్ట గోడ మీద మూడు నాలుగు నెలలు ఉంటే, ఆ తర్వాత కనీసం ఏడాది చీకట్లో ఉండాలని నియమం పెట్టుకోండి. చీకట్లో ఉన్నంతమాత్రాన పోయిన రంగు తిరిగి రాదు, మొత్తం మీద పడే వెలుతురు మాత్రం తగ్గుతుంది. పది ఫ్రేములుంటే నలభై అట్టల సేకరణ సుఖంగా తిరుగుతుంది. అంతకు మించి కొంటే అవి ఎప్పటికి గోడకెక్కుతాయో లెక్క వేసుకుని కొనండి. అన్ని ఫ్రేములూ ఒకే కొలతలో, మౌంటు కిటికీలు రెండు మూడు కొలతల్లో చేయించుకుంటే మార్చడం ఒక మధ్యాహ్నం పని.

మార్చేటప్పుడు ప్రతి అట్టనీ కొన్న రోజు తీసిన స్కాన్ పక్కన పెట్టి చూడండి. స్క్రీను రంగులు మోసం చేస్తాయి కాబట్టి ఇంకో గుర్తు కూడా ఉంచుకోవచ్చు. మొదటిసారి ఫ్రేములో పెట్టేటప్పుడే అట్టను మౌంటు కిటికీలో ఒక పక్కకు కొద్దిగా జరిపి, ఆ పక్క అంచు మాత్రం రెండు మిల్లీమీటర్లు బోర్డు కింద ఉండేలా అమర్చండి. తీసినప్పుడు ఆ దాగిన పట్టీకీ, వెలుతురు తగిలిన భాగానికీ మధ్య సన్నటి గీత కనబడిందంటే ఆ గోడ పనికిరాదు. అట్టను పెట్టెలో పెట్టేసి, తర్వాతి వంతు అట్టను వేరే గోడకు మార్చండి. పట్టికలో తేదీతో పాటు ఏ గోడో కూడా రాయండి.